ఎవరిని కొలిచినా నలభై

ఆ ఆసుపత్రిలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఆపరేషన్ థియేటర్లో అందరికీ ఆవిడ కొలతలమ్మ. మత్తు డాక్టరు. మిగతా డాక్టర్ల జేబుల్లో స్టెతస్కోపు వేలాడుతుంటే, ఆవిడ తెల్లకోటు జేబులోంచి దర్జీవాళ్ల టేపు తొంగిచూసేది. "మేడమ్, మా ఆయనకో చొక్కా కుట్టిపెడుదురూ, పుణ్యముంటుంది" అని నర్సులు ఆటపట్టించేవాళ్లు. ఆవిడ నవ్వేసి ఊరుకునేది. ఆ రోజుల్లో ఆవిడ బాగానే నవ్వేది.

ఆ టేపుతో ఏం పనో ముందు చెప్పాలి. పెద్ద ఆపరేషన్ అంటే మనిషిని నిద్రపుచ్చితే సరిపోదు. ఒంట్లో కండరాలన్నీ సడలిపోయే మందు కూడా ఇస్తారు. అది పడ్డాక మనిషి వేలు కదపలేడు, నోరు మెదపలేడు, తనంతట తాను ఊపిరి కూడా తీసుకోలేడు. అప్పుడు నోట్లోంచి గొంతులోకి ఒక గొట్టం దించి, మెషీన్‌తో ఊపిరి అందిస్తారు. మందు పడటానికీ గొట్టం పడటానికీ మధ్య ఉండేది కాస్త సమయం. సన్నటివాళ్లకి అది కొంచెం ఎక్కువే ఉంటుంది. బాగా ఒళ్లున్నవాళ్లకి చాలా తక్కువ. ఛాతీ మీద బరువుంటుంది, లోపల దాచుకున్న గాలి ఇట్టే అయిపోతుంది.

అందుకని గొట్టం సులువుగా పడుతుందో, కష్టమవుతుందో ముందురోజే కనిపెట్టాలి. కష్టమని తెలిస్తే భయం లేదు. మనిషి మెలకువగా ఉండగానే గొంతు మొద్దుబార్చి, కెమెరా ఉన్న సన్నటి తీగ సాయంతో నెమ్మదిగా వేస్తారు. తెలియకపోతేనే కొంప మునుగుతుంది.

"లావు ఒక్కటే చూసి చెప్పకండర్రా" అని కొలతలమ్మ కొత్త డాక్టర్లకి చెప్పేది. "నూట ముప్పై కిలోల మనిషికి నల్లేరు మీద నడకలా పడుతుంది, తొంభై కిలోల మనిషి మనకి చెమటలు పట్టిస్తాడు. మెడ కొలవండి. నోరు తెరిపించండి. నాలుక బయటపెట్టించండి. చుబుకానికీ గొంతుముడికీ మధ్య మూడు వేళ్లు పడతాయో లేదో చూడండి." తను అన్నీ చూసేది. కాగితం మీద వరసగా అంకెలు వేసి, చివరి గడిలో సులువు అనో, కష్టం అనో రాసేది. మెడ నలభై మూడు సెంటీమీటర్లు దాటితే ఆవిడ పెన్ను కాసేపు గాల్లో ఆగేది. పద్నాలుగేళ్లు ఆవిడ రాసిన మాట తప్పలేదు.

ఒక్కసారి తప్పింది. ఎనిమిది నెలల కిందట.

ఆ వచ్చినాయన బేకరీ నడిపేవాడు. భారీ మనిషి, ఛాతీ దాకా గడ్డం, కళ్ల చివర ఎప్పుడూ నవ్వు. ఆ మధ్యాహ్నం బయట వరసలో ముప్పై మందున్నారు. కొలతలమ్మ అన్నం తినలేదు, ఫోను ఆగకుండా మోగుతోంది, తల పగిలిపోతోంది. గడ్డమున్న మనిషి వస్తే దాని కిందకి వేళ్లు పోనిచ్చి చుబుకం ఎంతుందో తడిమి చూడాలి. ఆవిడే అందరికీ నేర్పిన పాఠం అది. ఆవేళ తడమలేదు. జేబులో టేపు జేబులోనే ఉంది. మెడ: నలభై అని రాసేసింది. వేళ్లు: మూడు అని రాసేసింది. కాగితం మీంచి తల ఎత్తకుండానే "నోరు తెరవండి" అంది.

ఆయన తెరిచాడు. రెండు క్షణాలాగి, మర్యాదగా అడిగాడు. "ఇంకొంచెం తెరవనా, డాక్టరుగారూ?"

"చాలు, చాలు."

చివరి గడిలో సులువు అని రాసింది.

మర్నాడు మందు పడ్డాక చూస్తే, ఆ గడ్డం వెనక చుబుకం బొటనవేలంత కూడా లేదు. మాస్కు ముఖానికి అతకలేదు. గొంతులో మాంసం తప్ప ఏమీ కనిపించలేదు. నాలుగు నిమిషాలు... అంతే.

విచారణ జరిగింది. ఫైలు తెరిచి చూశారు. అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. ముందుగా కనిపెట్టడానికి వీల్లేని కేసు అని తేల్చేశారు. ఆయన భార్య వచ్చి కొలతలమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మీరు చెయ్యగలిగిందంతా చేశారట కదమ్మా" అని కళ్లు తుడుచుకుంది. కొలతలమ్మ నీళ్లు నమిలింది తప్ప నోరు విప్పలేదు. ఆ నలభై తను కొలిచింది కాదని లోకంలో ఇంకెవరికీ తెలియదు.

వారం తిరక్కుండానే మొదలైంది.

ఒక బస్సు డ్రైవరు వచ్చాడు, ఎండుపుల్లలాంటి మనిషి. మెడకి టేపు చుడితే నలభై. ఏదో పొరపాటనుకుని మళ్లీ చుట్టింది. నలభై. తర్వాత వచ్చినావిడ మెడ రెండు చేతులకీ అందేట్టు లేదు. టేపు చుట్టింది. నలభై. మూడు వేళ్లు పెట్టి చూసింది. చోటు లేదని కళ్లకి కనబడుతూనే ఉంది. కాని వేళ్లు మూడూ పట్టేశాయి.

టేపు పాతబడి సాగిందేమో అనుకుంది. కొత్తది కొంది. దాన్ని పారేసి ఉక్కుటేపు కొంది. గదిలో సాయానికి ఉండే నర్సు, సిస్టరమ్మ, సన్నటి మెడ చాచి "ఏదీ నాది చూడండి" అంది సరదాకి. నలభై. "నువ్వు కొలువు" అని టేపు ఆవిడ చేతికిచ్చింది. సిస్టరమ్మ కొలిచి, కళ్లు చిట్లించి, "నలభయ్యే మేడమ్. లావయ్యానంటారా?" అంది. కొలతలమ్మ ఎదురుగా ఉంటే ఎవరు కొలిచినా అంతే. ఆవిడ లేనప్పుడు ఎంతొస్తుందో ఆవిడకెలా తెలుస్తుంది?

ఒకరోజు అందరూ వెళ్లాక తలుపేసుకుని తన మణికట్టుకి టేపు చుట్టుకుంది. మణికట్టు ఎంతని ఉంటుంది? ఒక్క చుట్టు చుట్టి, చివర కలిపి, అంకె చూసింది. నలభై. కుర్చీకాలికి చుట్టింది. నలభై. పెన్సిలుకి చుట్టింది... ఆవిడ అలాగే నేలమీద చతికిలబడిపోయింది. స్పిరిటు వాసన వేసే ఆ చిన్నగదిలో, ఒళ్లో టేపు పెట్టుకుని, ఊడ్చేవాళ్లు తలుపు తట్టేదాకా లేవలేదు.

గొంతు వినబడటం ఆ తర్వాత మొదలైంది. రోజూ కాదు. నెలకో, రెండు నెలలకో ఒకసారి. మందు పడి, మనిషి పూర్తిగా సడలిపోయి, ఆవిడ నాలుకని ఎత్తిపట్టి గొంతు చూపించే బ్లేడు పట్టుకుని నోటి మీదికి వంగిన క్షణంలో... కదలని పెదవుల మధ్యనుంచి, నాలుక వెనకనుంచి, మెల్లగా.

"ఇంకొంచెం తెరవనా?"

పక్కనున్నవాళ్లెవరికీ వినబడేది కాదు.

ఆవిడ చేతనైన పనల్లా ఒక్కటే చేసింది. అంకెలు ఎలాగూ నలభయ్యే కాబట్టి, చివరి గడిలో, కాస్త ఒళ్లున్నా చాలు, అందరికీ కష్టం అని రాయడం మొదలుపెట్టింది. వందమందికి కష్టం అని రాస్తే తొంభైమందికి మామూలుగానే పడేది. థియేటర్లో నవ్వుకున్నారు. కొలతలమ్మకి గుండె బెదిరిందన్నారు. తర్వాత విసుక్కున్నారు. ఆ తర్వాత ఆవిడ రాసింది చదవడం మానేశారు.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది.

అక్క అంటే ఒట్టి అక్క కాదు. అమ్మ పోయేనాటికి కొలతలమ్మకి ఆరేళ్లు, అక్కకి పదిహేను. జడలు వేసింది, హోంవర్కు చేయించింది, డాక్టరు చదువుకి తన నగలు అమ్మింది. బళ్లో లెక్కల టీచరు. నూట పాతిక కిలోల మనిషి, అంతకి తగ్గ గొంతు. ఆవిడ మూడో తరగతిలో ఎక్కాలు చెబుతుంటే ఐదో తరగతి పిల్లలు ఉలిక్కిపడతారని బావ మేలమాడతాడు. పిత్తాశయంలో రాళ్లు. వాచిపోయి, చీము పట్టి, జ్వరం. ఆపరేషన్ వెంటనే కావాలి, వాయిదాకి వీల్లేదు.

"మా చెల్లి ఉన్నచోటే చేయించుకుంటా" అని పట్టుబట్టి చేరింది అక్క.

సాయంత్రం కొలతలమ్మ ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మెడకి టేపు వేసింది.

"ఏమే, మెడ కొలుస్తున్నావా, గొలుసు చేయిస్తున్నావా?" అంది అక్క, నొప్పిని పళ్ల బిగువున ఆపుకుంటూ.

"మాట్లాడకుండా ఉండు అక్కా."

"రాత్రిళ్లు నా గురకకి మీ బావ హాల్లో పడుకుంటున్నాడు. అది కూడా రాసుకో, మీకు పనికొస్తుందేమో."

పనికొచ్చే మాటే. అలాంటి గురక ఉన్నవాళ్ల గొంతు మత్తులో మూసుకుపోతుంది. మెడ చూస్తే నలభై ఆరో, ఏడో అని ఇట్టే తెలుస్తోంది. కొలతలమ్మ టేపు చివర కలిపింది.

నలభై.

"అక్కా, ఒక్కసారి నువ్వే పట్టుకుని చదువు."

అక్క తల వంచి, కళ్లజోడు సవరించుకుని చూసింది. "నలభై. ఏం, తక్కువా ఎక్కువా?"

కొలతలమ్మ కాగితం మీద నలభై అని వేసి, చివర కష్టం అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

సొంత రక్తానికి మత్తు ఇవ్వకూడదని ఆ ఆసుపత్రిలో కట్టుబాటు. సొంతవాళ్లయితే చెయ్యి నిలవదని. అందుకని పొద్దున్న ఎనిమిదింటికి అక్క తల దగ్గర నిలబడింది పెద్దాయన. మత్తు డాక్టర్లందరికీ పెద్ద, కొలతలమ్మకి పని నేర్పినవాడు. థియేటరు నేల కింది అంతస్తులో ఉంటుంది. కిటికీలు లేవు. పగలో రాత్రో గడియారం చూస్తే తప్ప తెలియదు. ఉడికించిన బట్టల వాసన, రబ్బరు వాసన, చల్లటి గాలి. పైన పెద్ద దీపం ఒక్కటే తెల్లగా వెలుగుతోంది. మూలల్లో నీడ.

కొలతలమ్మ ఆయన్ని తలుపు దగ్గరే ఆపింది. "సార్, మెలకువలోనే వెయ్యండి. కెమెరాతో."

ఆయన కాగితం చూశాడు. "మెడ నలభై. మూడు వేళ్లు. నోరు బాగా తెరుచుకుంటోంది. ఎందుకమ్మా మెలకువలో? జ్వరంతో ఉంది, నొప్పితో ఉంది. గొంతులో తీగ పెడితే నరకం చూస్తుంది."

"కష్టమని రాశాను సార్."

"నువ్వు అందరికీ అదే రాస్తున్నావు." ఆయన కోప్పడలేదు, జాలిగా చూశాడు. అదే ఎక్కువ బాధనిపించింది. "కిందటి వారం ఆ అరవై కిలోల పిల్లకి కూడా కష్టమే అన్నావు."

"మీరే ఒక్కసారి కొలవండి సార్. మీ చేత్తో."

ఆయన నిట్టూర్చి, టేపు తీసుకుని, అక్క మెడకి చుట్టాడు. కొలతలమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. చూడకపోతే నిజం వస్తుందేమోనని ఆశ.

"నలభై" అన్నాడాయన.

ఇక మిగిలింది ఒకే ఒక్క మాట. ఆ నలభై అబద్ధం సార్, అది నేను పుట్టించిన అంకె, బేకరీ ఆయన్ని నేను కొలవనే లేదు. ఈ మాట చెబితే ఆయన ఆగుతాడు. కాగితం పక్కన పారేసి కెమెరా తెప్పిస్తాడు. అక్క బతుకుతుంది. చెబితే ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, ఆ భార్య ముఖం మళ్లీ చూడాల్సి వస్తుంది. మాట గొంతుదాకా వచ్చింది. పెద్దాయన ఎదురుచూస్తూ నిలబడ్డాడు కూడా.

"కొంచెం... జాగ్రత్తగా చూడండి సార్" అంది.

"మా తల్లే, నీ అక్క నాకు కూతురులాంటిది కాదూ?" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

తలుపుకి చిన్న అద్దం ఉంది. కొలతలమ్మ దానికి నుదురు ఆనించి నిలబడింది. సిస్టరమ్మ అక్క భుజాల కింద దుప్పట్లు మడిచి ఎత్తు పెట్టింది, తల పైకి వచ్చేట్టు. ముఖం మీద మాస్కు పెట్టారు. అక్క అద్దం వైపు చూసి, బొటనవేలు ఎత్తి చూపించింది. తెల్లటి మందు నరంలోకి వెళ్లింది. వేలు వాలిపోయింది. తర్వాత రెండో మందు, సడలించేది.

బీప్... బీప్... బీప్...

నెత్తుట్లో గాలి నూటికి ఎంతుందో చెప్పే చప్పుడు అది. తొంభై తొమ్మిది. గాలి తగ్గేకొద్దీ ఆ చప్పుడు స్థాయి కిందికి దిగుతుంది. థియేటర్లో పనిచేసేవాళ్లు తెర చూడక్కర్లేదు, చెవులతోనే తెలుస్తుంది.

పెద్దాయన మాస్కు నొక్కి, గాలి పంపే రబ్బరు సంచి పిండాడు. ఛాతీ లేవలేదు. మళ్లీ పిండాడు. లేవలేదు. బ్లేడు తీసుకుని నోట్లోకి వంగాడు. ఒకటి... రెండు... మూడు... ఇంకా వంగాడు. నుదుటి మీద చెమట.

బీప్ స్థాయి దిగింది.

"ఏమీ కనబడట్లేదు" అన్నాడు మెల్లగా. "కెమెరా తీసుకురండి. తొందరగా."

ఎనభై ఎనిమిది. దిగింది. ఎనభై. కెమెరా పెట్టినా ఎర్రటి మడతలే. డెబ్భై నాలుగు. కోత డాక్టరు గొంతు బయటనుంచి కోసే కత్తి కోసం చెయ్యి చాచాడు. ఆ మెడలో ఎక్కడ కొయ్యాలో వేలికి అందడంలేదు.

కొలతలమ్మ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. పెద్దాయన వెనక్కి జరిగాడు. ఆయన ఆవిడ కళ్లలోకి చూసి బ్లేడు ఇచ్చేశాడు. కట్టుబాటు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆవిడ వంగి చూసింది. గొంతు కనబడింది.

పద్నాలుగేళ్లలో అంత స్పష్టంగా ఎవరి గొంతూ కనబడలేదు. ఎర్రటి మడతల్లేవు. తెల్లటి రెండు స్వరతంత్రులు విడిపోయి, మధ్యలో నల్లటి దారి... కావలసినదానికన్నా వెడల్పుగా. ఇప్పుడే ఎవరో తెరిచిపెట్టినట్టు. గొట్టం దించింది. తంత్రుల మధ్యనుంచి వెళ్లడం కళ్లారా చూసింది. మెషీన్‌కి తగిలించింది.

"పడింది" అంది.

తెర మీద ఇంకొక గీత ఉంటుంది. మనిషి లోపలినుంచి బయటికి వదిలే ఊపిరిని గీసి చూపించేది. గొట్టం సరైనచోట పడితే అది కొండలా లేచి దిగుతుంది. ఆ గీత లేవలేదు. నేలబారుగా సాగిపోతోంది.

"తప్పుదారిలో వెళ్లింది. తియ్యి" అన్నాడు పెద్దాయన.

"నేను చూశాను సార్. లోపలే ఉంది."

"తియ్యమ్మా!"

తీసింది. మళ్లీ వంగింది. మళ్లీ అంతే స్పష్టంగా నల్లటి దారి. మళ్లీ వేసింది. కళ్లముందే లోపలికి వెళ్లింది. సంచి పిండింది. ఛాతీ లేవలేదు. గీత లేవలేదు. యాభై రెండు. బీప్ ఇప్పుడు మూలుగులా ఉంది. అక్క పెదవులు నీలమయ్యాయి. ఆ పెదవులే తనకి జోల పాడాయి. కొలతలమ్మకి నేర్చుకున్న విద్యంతా అయిపోయింది. ఇక చేతులకి చెయ్యడానికేమీ లేదు.

అప్పుడు వినబడింది. గొట్టం ఉన్న గొంతులోంచి మాట ఎలా వస్తుంది? కాని వచ్చింది. అక్క గొంతు కాదు. మర్యాదగా, ఓపిగ్గా, కొద్దిగా భయంగా.

"ఇంకొంచెం తెరవనా... డాక్టరుగారూ?"

ముప్పై తొమ్మిది.

"నేను చూడలేదు" అంది కొలతలమ్మ.

"ఏంటి?" అన్నాడు పెద్దాయన.

"నేను మీ నోట్లోకి చూడలేదండీ!" ఆవిడ అక్క ముఖం మీద వంగి, గుండెలవిసేలా అరిచింది. "తలే ఎత్తలేదు. టేపు తియ్యలేదు. నలభై అని నేనే రాసేశాను. మూడు వేళ్లని నేనే రాసేశాను. మీ భార్య నా చేతులు పట్టుకుంటే కూడా చెప్పలేదు. మీరేం తప్పు చెయ్యలేదు. తప్పు నాది. నాది..."

థియేటర్లో ఎవరూ కదల్లేదు. కోత డాక్టరు చేతిలో కత్తి అలాగే ఉంది.

తెర మీద గీత లేచింది.

మొదట చిన్న మిట్ట. తర్వాత కొండ. ఛాతీ పైకి లేచింది, దిగింది. బీప్ ఒక్కొక్క మెట్టూ ఎక్కసాగింది. నలభై ఆరు. అరవై. ఎనభై ఒకటి. తొంభై ఆరు. సిస్టరమ్మ గోడకి చేరబడి ఏడ్చేసింది. కొలతలమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఆపరేషన్ గంటన్నరలో అయిపోయింది. పదిన్నరకల్లా అక్కకి గొట్టం తీసేసి పక్కగదిలోకి మార్చారు. కళ్లు తెరిచింది. చెల్లెల్ని గుర్తుపట్టింది. బొంగురు గొంతుతో, "ఏమే, ఆ ఏడుపుముఖం ఏంటి? రాళ్లు ఎన్ని తీశారు, లెక్కపెట్టారా?" అంది. బావ ఆనందం పట్టలేక నర్సులందరికీ దండాలు పెడుతున్నాడు. కొలతలమ్మ అక్క మెడ మీద అరచెయ్యి వేసి, ఆ వెచ్చదనాన్ని కాసేపు అలాగే పట్టుకుంది.

పెద్దాయన నడవాలో ఆగి ఉన్నాడు. పొద్దుటికన్నా పదేళ్లు పెద్దవాడైనట్టున్నాడు. "అందరం విన్నాం" అన్నాడు.

"తెలుసు సార్."

"పైవాళ్ల ముందు కూడా ఇదే చెప్పాలి."

"చెప్తాను. ఆయన భార్యకి కూడా చెప్తాను."

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. కొలతలమ్మకి దుఃఖమూ వచ్చింది, ఎనిమిది నెలల తర్వాత ప్రాణం తేలికపడినట్టూ అయింది. అక్క కాగితం లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చి థియేటర్లోకి వెళ్లింది.

అక్కడ సిస్టరమ్మ ఒక్కతే ఉంది. బల్ల కడిగేసి ఉంది, తడి ఇంకా ఆరలేదు. పెద్ద దీపం ఆర్పేశారు. మెషీన్ గొట్టాలు విడదీసి కొక్కేనికి తగిలించారు. చివర్లు ఖాళీగా, గాల్లో వేలాడుతున్నాయి. దేనికీ తగిలించి లేవు. సిస్టరమ్మ చేతిలో తడిగుడ్డ పట్టుకుని తెర కేసి చూస్తోంది.

"మేడమ్... ఇది చూడండి."

తెర మీద గీత లేస్తోంది. దిగుతోంది. నింపాదిగా, లోతుగా, నిమిషానికి పన్నెండు. భారీ మనిషి హాయిగా నిద్రపోతుంటే వచ్చే ఊపిరి. మెషీన్ పక్కన రబ్బరు సంచి దానంతటదే నిండుతోంది, తగ్గుతోంది.

"పాడైనట్టుంది" అంది సిస్టరమ్మ గొంతు తగ్గించి. "ఆపేయనా?"

కొలతలమ్మ చప్పున ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వద్దు."

"ఎవరూ లేరు కదా మేడమ్..."

"వద్దు సిస్టరమ్మా. ఉండనీ."

ఇద్దరూ అలా చూస్తూ నిలబడ్డారు. సంచి నిండింది. తగ్గింది. కొలతలమ్మకి భయం వెయ్యలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పడుకోండి, ఎంతసేపైనా పడుకోండి అనుకుంది మనసులో.

అప్పుడు ఆ పెద్ద అలలకి మధ్యనున్న ఖాళీలో ఇంకేదో మొదలైంది. చిన్నగా. గబగబా. ఒక పెద్ద ఊపిరి లేచి దిగేలోపు మూడు చిన్న ఊపిరులు.

సిస్టరమ్మ తెర మీంచి చూపు తిప్పుకుంది. వేరే ఆసుపత్రిలో పాతికేళ్లు పిల్లల వార్డులో చేసి వచ్చిన మనిషి. "ఇది చిన్నపిల్లల ఊపిరి మేడమ్" అంది. "ఏడాది పిల్లలది... ఏడాదిన్నర ఉంటుందేమో."

కొలతలమ్మ ఆలోచించింది. మళ్లీ మళ్లీ ఆలోచించింది. చేసిన తప్పంతా అరిచి చెప్పింది కదా. దాచుకున్నదేమీ మిగల్లేదు కదా. పైగా ఆ ఆసుపత్రిలో పిల్లలకి ఆపరేషన్లే చెయ్యరు. పద్నాలుగేళ్లలో ఆవిడ ఒక్క పసిపిల్లకి కూడా మత్తు ఇవ్వలేదు.

పెద్ద ఊపిరి తన మానాన తను సాగుతోంది. చిన్నది తడబడింది. ఒకటి ఆగి వచ్చింది. తర్వాతది ఇంకా ఆలస్యంగా వచ్చింది, ఇంకా చిన్నదిగా.

"మేడమ్, ఏదైనా చెయ్యండి" అంది సిస్టరమ్మ.

కొలతలమ్మ బ్లేడు అందుకుంది. మాస్కు అందుకుంది, అన్నిటికన్నా చిన్నది. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని బల్ల దగ్గరికి పరిగెత్తింది. బల్ల మీద ఎవరూ లేరు. బల్ల కింద చూసింది. మెషీన్ వెనక చూసింది. చీకటి మూలల్లో చేతులతో తడిమింది. సిస్టరమ్మ మాత్రం తెర వైపు చూడకుండా, తడిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

వెనక తెర మీద అలారం మోగడం మొదలైంది.